జేసీబీ ఆపాక బకెట్ నేలకు దించాలంటారు, ఎందుకు?

పైకెత్తిన బకెట్‌ను ఆపి ఉంచేది హైడ్రాలిక్ ఆయిలే, అంటే ప్రెషర్‌తో బకెట్‌ను కదిలించే నూనె. అది పారే హోస్ (గొట్టం) పగిలినా, లివర్‌కు ఎవరి చెయ్యైనా తగిలినా బకెట్ ధడాలున కిందికొస్తుంది. అందుకే టీ తాగడానికి దిగినా సరే, బకెట్ నేలకు ఆనించి, పార్కింగ్ బ్రేక్ వేసి, ఇంజిన్ ఆపి, తాళం జేబులో వేసుకోవాలి.

లీకు వెతకడం ఇంకా డేంజర్. చాలామంది హోస్‌ను చేత్తో తడుముతారు. కారు టైర్లో ఉండేది రెండు బార్ల పైచిలుకు ప్రెషర్. ఈ హోస్‌లో పని నడుస్తుంటే 200 బార్లు దాటుతుంది. సూదిమొనంత రంధ్రంలోంచి చిమ్మే ఆయిల్ గ్లవ్స్‌ను కూడా దాటి చర్మంలోకి దూరిపోతుంది. పైకి ముల్లు గుచ్చుకున్నట్టే ఉంటుంది, మొదట్లో నొప్పి కూడా పెద్దగా తెలియదు. ఆలస్యమైతే వేలే తీసేయాల్సి రావచ్చు. అట్టముక్క అడ్డం పెట్టి చూడండి, తడి దాని మీద పడుతుంది. ఒకవేళ చేతికి తగిలితే పసుపు అద్ది ఊరుకోకుండా వెంటనే సర్జన్ దగ్గరికి వెళ్లి, లోపలికి ఆయిల్ వెళ్లిందని చెప్పండి.