టెక్ సందేహాలు: రాత్రి ముహూర్తానికి లాగ్ ఎందుకు?

ప్రశ్న: సార్, మాది కావలి. పెళ్లి వీడియోలు తీస్తాను. సినిమా లుక్ వస్తుందని అంతా లాగ్ గామాలోనే, అంటే తర్వాత రంగులు దిద్దుకునేలా బొమ్మని పాలిపోయినట్టు రికార్డు చేసే సెట్టింగులోనే తీస్తున్నా. రాత్రి ముహూర్తాలకి మొహాల మీద గ్రెయిన్స్, వెనక గోడ మీద చారలు వస్తున్నాయి. కెమెరాలో ఏ ప్రొఫైల్ (రంగు, కాంట్రాస్ట్‌ల సెట్టింగు) పెట్టాలి? మంచి లట్ (ఎడిటింగ్‌లో రంగులు మార్చే రెడీమేడ్ ఫైలు) ప్యాక్ ఉంటే లింకు పంపండి.

జవాబు: ఒంగోలు నుంచీ ఇదే ప్రశ్న, పొదిలి నుంచీ ఇదే. మీ కెమెరా 8 బిట్‌లో రికార్డు చేస్తుందా, 10 బిట్‌లోనా అన్నది మాత్రం ఒక్కరూ రాయరు!

8 బిట్‌లో ఒక్కో రంగుకి 256 మెట్లే, 10 బిట్‌లో 1024. లాగ్ ఆ కాసిని మెట్లనే ఎండకీ నీడకీ కలిపి పలచగా సర్దుతుంది. ఎడిటింగ్‌లో కాంట్రాస్ట్ పెంచగానే సందులు బయటపడతాయి. మీ గోడ మీద చారలు అవే. ఇక గ్రెయిన్స్. లాగ్ బొమ్మ తెర మీద పాలిపోయి కనబడుతుంది, వెలుతురు ఎక్కువైందని మీరు తగ్గించేస్తారు. తర్వాత ఆ చీకట్లోంచి మొహాన్ని పైకి లాగితే చుక్కలు రాక ఏమొస్తాయి?

8 బిట్ అయితే రాత్రి మండపంలో లాగ్ జోలికి పోవద్దు. సినీ గామా (లాగ్ అంత పాలిపోని ప్రొఫైల్) ఉంటే అది, లేకుంటే మామూలు ప్రొఫైల్లో కాంట్రాస్ట్ కాస్త తగ్గించి తీయండి. పెళ్లికూతురి మధుపర్కాల మీద నేత కనబడాలి. అది మాయమై తెల్ల కాగితంలా ఉంటే ఎక్స్‌పోజర్ దించండి. పెంచలకోనలో పగటి పెళ్లి, బయట నిప్పులాంటి ఎండ, పందిట్లో నీడ, చేతిలో 10 బిట్ కెమెరా, ఎన్‌డీ ఫిల్టరు (లెన్స్‌కి నల్ల కళ్లద్దం లాంటిది): లాగ్ పెట్టాల్సింది అక్కడ. అదీ ఒక స్టాప్ ఎక్కువ, అంటే రెట్టింపు వెలుతురుతో.

తయారీదారుల తప్పూ ఉంది. ప్రొఫైళ్లకి నంబర్లేసి మెనూలో పడేస్తారు, ఏది ఎప్పుడు వాడాలో ఒక్క ముక్క ఉండదు.

నాకు దిగులంతా మీ చివరి మాట మీదే. నాకు తెలిసిన స్టూడియో కుర్రాడు ‘500 వెడ్డింగ్ లట్స్ ఫ్రీ’ అని దించుకున్నాడు. జిప్‌కి పాస్‌వర్డు, లోపల ‘యాంటీవైరస్ ఆపి ఇన్‌స్టాల్ చేయండి’ అని సూచన. ఆపాడు. తెల్లారేసరికి ప్రతి క్లిప్ పేరుకీ ఏదో తోక, ఒక్కటీ తెరుచుకోదు, తెరవాలంటే డబ్బు కట్టమని ఒక నోటు. బ్యాకప్ డ్రైవ్ కూడా అదే కంప్యూటరుకి తగిలించి ఉంది, అదీ పోయింది. మూడు పెళ్లిళ్లు.

లట్‌ని ఇన్‌స్టాల్ చేసే పనే లేదయ్యా! .క్యూబ్ ఫైలంటే ఉత్త అంకెల పట్టిక, నోట్‌ప్యాడ్‌లో తెరుచుకుంటుంది. పైన పేరూ సైజూ రాసిన ఒకట్రెండు వరసలు పోతే, 33 సైజుదైతే 35,937 వరసలు, వరసకి మూడు అంకెలు, అంతే. పేరు చివర .ఈఎక్స్ఈ ఉంటే అది నడిచే ప్రోగ్రాము, లట్ కాదు. ఆ చివరి అక్షరాల్ని కంప్యూటరు మామూలుగా దాచిపెడుతుంది, ఎందుకు దాస్తారో ఇన్నేళ్లయినా నాకర్థం కాదు. విండోస్‌లో ఫోల్డరు తెరిచి, పైన వ్యూ మెనూలోకి (విండోస్ 11లో అందులోని ‘షో’లోకి) వెళ్లి ‘ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్’ టిక్ చేసుకోండి.

లింకు పంపను. మీ లాగ్‌కి సరిపడే లట్ మీ కెమెరా కంపెనీ సైట్లోనే ఉచితంగా ఉందేమో ముందు చూడండి. దించుకున్నాక నోట్‌ప్యాడ్‌లో ఒకసారి తెరిచి, అప్పుడు రాయండి. బిట్ ఎంతో కూడా రాయండి.