ఎర్ర ఇంకు

చిట్టితల్లికి,

అత్త దీవెనలు. నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేసి, నువ్వు మీ కస్తూర్బా స్కూల్లో తొమ్మిదో తరగతి పిల్లల చేత ఎవరి కథ వాళ్లతో రాయిస్తున్నావనీ, వార్షికోత్సవం నాటికి పుస్తకం వేస్తావనీ చెప్పాడు. విన్నప్పుడు ఎంత పొంగిపోయానో, పక్క మీద వాలాక అంత భయం పట్టుకుంది. రెండు గంటలకి లేచి ఇది మొదలుపెట్టాను. ఫోన్‌లో చెబితే "సరే అత్తా, సరే అత్తా" అంటావు. అందుకే కాగితం.

తలా ఒక రూళ్ల నోటుబుక్కు కొనివ్వు, డబ్బులు నేను పంపిస్తాను. మార్కులు వేయకు. "నా జీవితంలో మరువలేని రోజు" లాంటి హెడ్డింగులు ఇవ్వకు, ఇస్తే అందరూ ఒకే వ్యాసం రాస్తారు. రాయడం సరిగా రాని పిల్ల ఉంటే చెప్పమను, నువ్వు రాసిపెట్టు. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న మల్లు స్వరాజ్యం గారి ఆత్మకథ కూడా ఆవిడ చెబుతుంటే వేరేవాళ్లు రాసిందే. చదువుతుంటే ఆవిడ గొంతే వినిపిస్తుంది.

పిల్లల ట్రంకు పెట్టెలకి తాళాలున్నాయో లేదో చూడు. పందొమ్మిదో శతాబ్దంలో బెంగాల్‌లో రాస్‌సుందరీ దేవికి పన్నెండేళ్లకే పెళ్లి చేశారు. ఆడది చదివితే తప్పనే ఇల్లు. చైతన్య భాగవతంలోంచి ఒక పేజీ తీసుకుని, వంటింట్లో దాచుకుని, ఎవరూ చూడకుండా ఒక్కో అక్షరం పోల్చుకుంటూ చదవడం నేర్చుకుంది. తర్వాత తన కథ తానే రాసుకుంది. ఆవిడకి వంటింటి మూలైనా దొరికింది. మీ హాస్టల్లో ఒకే గదిలో అంతమంది పిల్లలు. దాచుకునే చోటు లేకపోతే ఎవరూ నిజం రాయరు.

ఇక నాకు నిద్ర పట్టనివ్వని సంగతి. ఇంతవరకు మీ నాన్నకి కూడా చెప్పలేదు.

1987లో నేను కందుకూరు వైపు ఒక పల్లె హైస్కూల్లో తెలుగు చెబుతున్నాను. అది పొగాకు ఊరు. సీజన్ వచ్చిందంటే క్లాసులో ఆడపిల్లల బెంచీలు ఖాళీ. పొగాకు ఆరబెట్టే బ్యారన్ల దగ్గర కర్రలకి ఆకు కట్టడానికి పోయేవాళ్లు. "మా ఇల్లు" అని వ్యాసం రాయమంటే ఒక పిల్ల నాలుగు పేజీలు రాసింది. "ఆకు బంక చేతికి పట్టిద్ది. ఎంత తోమినా పోదు. అన్నం కలుపుకుంటే చేదు. మా తమ్ముడికి మాత్రం గరిటెతో కలిపి పెడతా" అని రాసింది. వాళ్ల నాన్న ఆసామి దగ్గర అడ్వాన్సు తీసుకుని తాగేశాడనీ, ఆ బాకీ తీరేదాకా తను రోజు మార్చి రోజే బడికి వస్తుందనీ కూడా రాసింది.

అది చదివి ఏడ్చాను. ఏడ్చి, కళ్లు తుడుచుకుని, ఎర్ర పెన్ను తీశాను. "పట్టిద్ది" కొట్టేసి "అంటుకొనును" అని రాశాను. గరిటె మాట అనవసరం అనిపించి తీసేశాను. "దారిద్ర్యపు కోరల్లో చిక్కి చేదు మెతుకులు మింగుతూ" అని నా వాక్యం ఒకటి చేర్చాను. బాగుందనుకున్నాను తల్లీ. వార్షికోత్సవం రోజు, ఆ పిల్లని ఒక్క మాట అడక్కుండా, మైకులో చదివాను.

పేరు చెప్పలేదు. పేరు చెప్పకపోతే చాలనుకున్నాను. అంత చిన్న ఊళ్లో ఆకు కట్టడానికి పోయే తొమ్మిదో తరగతి పిల్ల, చిన్న తమ్ముడున్న పిల్ల ఎవరో తెలుసుకోవడానికి పేరెందుకు? ఆసామి ముందు వరసలో ఉన్నాడు. వాళ్ల నాన్న పందిరి వెనక నిలబడి ఉన్నాడని నాకు తర్వాత తెలిసింది. జనం చప్పట్లు కొట్టారు. నేను ఆ పిల్ల కోసం చూశాను, కనిపించలేదు.

సోమవారం రాలేదు. మంగళవారం రాలేదు. బుధవారం సాయంత్రం ఇంటికి వెళ్లాను. తల్లి గుమ్మంలోనే నిలబడింది, లోపలికి రమ్మనలేదు. చేతులు బంకతో నల్లగా ఉన్నాయి. "మా పిల్ల మీకు రాసింది పంతులమ్మా, ఊరికి రాయలేదు" అంది. కోపంగా కూడా అనలేదు. ఉగాది లోపు పెళ్లి చేసి పంపేశారు. ఆ తండ్రిని తిట్టుకోవడానికి నాకు నోరు రాలేదు. అంతమందిలో అతని పరువు తీసింది నేను.

ఈ నాలుగు మాటలు నీకు రాయడానికి కూడా చెయ్యి ఆడలేదు. ఈ ఉత్తరం నీ దగ్గరే ఉంచుకో.

అందుకని ముందు పిల్లల్ని అడుగు. రాసేముందు ఒకసారి, రాశాక ఒకసారి, అచ్చుకి వెళ్లేముందు ఇంకోసారి. మూడోసారి వద్దంటే ఆ పేజీలు తిరిగిచ్చేయ్, ఎందుకని అడక్కు. పుస్తకం సన్నగా వస్తే రానీ. నాజీలకి దొరక్కుండా దాక్కుని డైరీ రాసుకున్న ఆన్ ఫ్రాంక్ సంగతి నీకు తెలుసు. 1944 మార్చిలో, యుద్ధకాలపు డైరీలూ ఉత్తరాలూ దాచిపెట్టండని నెదర్లాండ్స్ మంత్రి రేడియోలో చెప్పడం విని, తన డైరీని తనే తిరగరాయడం మొదలుపెట్టింది. ఏది ఉంచాలో ఏది తీసేయాలో తనే చూసుకుంది, తనతో దాక్కున్నవాళ్లకి మారుపేర్లు కూడా తనే రాసిపెట్టుకుంది. పదిహేనేళ్లు నిండీ నిండని పిల్ల! ఆ పని మీ పిల్లలూ చేయగలరు, నువ్వు పెన్ను లాక్కోకపోతే.

ఇంకోటి. ఏ పిల్లయినా తన ఒంటి మీద చెయ్యి వేసినవాడి గురించి రాస్తే ఆ క్షణం నుంచి అది పుస్తకం పని కాదు. పిల్లల మీద లైంగిక నేరాలకి సంబంధించిన 2012 పోక్సో చట్టం ప్రకారం తెలిసి చెప్పకపోవడం కూడా నేరమే. పోలీసులకి చెప్పాల్సిందే. సాయం కావాలంటే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చెయ్యి. కాబట్టి "ఎవరికీ చెప్పను" అని ముందే మాటివ్వకు. ఏది దాచగలవో, ఏది దాచలేవో మొదటి రోజే పిల్లలకి చెప్పు. బాగుంది కదా అని ఏ పేజీనీ ఫొటో తీసి వాట్సాప్ స్టేటస్‌లో పెట్టకు. నువ్వు పెడతావు, నాకు తెలుసు. మంచి మనసుతోనే పెడతావు. నేనూ మంచి మనసుతోనే చదివాను.

వార్షికోత్సవం తేదీ గురించి టెన్షన్ పడకు. కమ్యూనిస్టు ఉద్యమంలో పనిచేసిన కొండపల్లి కోటేశ్వరమ్మ గారికి ఊహ తెలియని వయసులో పెళ్లయింది, ఊహ తెలియకముందే భర్త పోయాడు. ఆవిడ ఆత్మకథ 'నిర్జన వారధి' వచ్చింది 2012లో, ఆవిడకి తొంభై దాటాక. మీ పిల్లలకి పద్నాలుగు. ఫిబ్రవరికి రాకపోతే ఏం?

ఆ నాలుగు పేజీలూ నా దగ్గరే ఉండిపోయాయి. తిరిగిద్దామని రెండుసార్లు ఆ ఊరు వెళ్లాను, ఆ పిల్ల అత్తగారి ఊరేదో వాళ్లు చెప్పలేదు. బీరువాలో పట్టుచీరల కింద ఉన్నాయి. ఎర్ర ఇంకు వెలిసిపోయి, దాని కింద ఆ పిల్ల అక్షరాలు ఇప్పుడు బాగానే కనిపిస్తున్నాయి. సెలవులకి వచ్చినప్పుడు చూపించమని అడక్కు. నేను లేకుండా పోయాక బీరువా తీసేది నువ్వే కదా, అప్పుడు కూడా చదవకు. పైన ఆ పిల్ల పేరు, వాళ్ల ఊరి పేరు రాసి పెట్టాను. నాకు దొరకలేదు, నీకు దొరుకుతుందేమో చూడు.

మీ నాన్నతో గోంగూర పచ్చడి పంపిస్తున్నాను. పిల్లలకి కూడా పెట్టు.

మీ అత్త