పైన్ చెట్టు మాను మీద జిగురు ముద్దలు: ఏ పురుగో ఎలా తెలుస్తుంది?

కొలరాడోలో మీ ఇంటి వెనక పొండెరోసా పైన్‌కి జిగురు ముద్దలు వచ్చాయి, ఆకులు మాత్రం పచ్చగానే ఉన్నాయి, టెన్షన్ పడాలా అని అడిగారు. ఆకుల్ని చూసి ధైర్యం తెచ్చుకోకండి. బెరడు కింద తొలిచే మౌంటెన్ పైన్ బీటిల్ అనే పురుగు జులై, ఆగస్టుల్లో పడితే ఆకులు ఎర్రబడేది మరుసటి ఏడాది ఎండలకే.

ముందు ముద్దలు ఏ ఎత్తులో ఉన్నాయో చూడండి. మోకాలి ఎత్తులోపు, పెద్దవి నాలుగైదే ఉంటే రెడ్ టర్పెంటైన్ బీటిల్ కావచ్చు. అదొక్కటే చెట్టును చంపడం అరుదు. మాను చుట్టూ, మనిషి ఎత్తు దాటి కూడా, పేలాలు అంటించినట్టు పదుల కొద్దీ ఉంటే మౌంటెన్ పైన్ బీటిల్‌నే అనుమానించాలి. ముద్ద తెల్లగా ఉండి మధ్యలో పురుగు ఇరుక్కుని చచ్చి ఉంటే అక్కడ జిగురుతో అడ్డుకుని చెట్టు గెలిచినట్టు. ఎర్రగా, పురుగు తొలిచిన పొట్టు కలిసి ఉంటే పురుగు లోపలికి పోయినట్టే.

ముద్దలేమీ లేకుండా బెరడు సందుల్లో ఎర్రటి పొట్టు మాత్రమే కనిపిస్తే అది ఇప్స్ అనే మరో బెరడు పురుగు కావచ్చు. దీనితో నేను దెబ్బతిన్నాను. మే నెలలో ఒక పైన్ కొట్టించి, చలికాలం పొయ్యిలోకి పనికొస్తాయని పచ్చి దుంగల్ని పక్క పైన్ మొదట్లోనే పేర్చాను. ఇప్స్‌కి పచ్చి దుంగలంటే విందు భోజనం! సెప్టెంబరుకి ఆ పక్క చెట్టు కొస ఎర్రబడింది.

ఒక దుంగ బెరడు లేపి చూస్తే వై, హెచ్ అక్షరాల్లా సొరంగాలు, లోపల ఊడ్చినట్టు శుభ్రంగా ఉన్నాయి. మౌంటెన్ పైన్ బీటిల్ సొరంగమైతే నిలువుగా సాగి, అడుగున కాస్త వంకర తిరిగి, నిండా పొట్టు కూరి ఉంటుంది. చెక్కలో నీలం మరక రెండింటికీ వస్తుంది, దాన్నిబట్టి తేల్చలేం.

పురుగే దొరికితే వెనక భాగం చూడండి. రెండూ ఇంచుమించు బియ్యపు గింజంత ఉంటాయి. ఇప్స్‌కి వెనక గరిటెతో తోడినట్టు పల్లం, దాని అంచున ముళ్లు ఉంటాయి. మౌంటెన్ పైన్ బీటిల్‌కి వెనక గుండ్రంగా ఉంటుంది. నేను తల వైపు చూస్తూ అరగంట పోగొట్టుకున్నాను.

మీ చెట్టు బెరడు మాత్రం చుట్టూ ఒలవకండి, ఒక రంధ్రం దగ్గర అగ్గిపెట్టెంత ముక్క లేపితే చాలు. పురుగు పూర్తిగా పట్టిన చెట్టుకి మందు కొట్టినా లాభం లేదు. మందు కొట్టిస్తే పక్కనున్న మంచి చెట్లకి, అదీ జులై లోపే. ముద్ద పక్కన ఒక నాణెం పెట్టి ఫోటో తీసి ఇక్కడ పెట్టండి, చూసి చెప్తాను.