స్క్వీలర్ మాటలా? కుక్కల కోరలా?

ప్రశ్న: మాస్టారూ, మా లైబ్రరీ మిత్రులం ఆర్వెల్ 'యానిమల్ ఫామ్' చదివాం. యజమాని జోన్స్‌ని తరిమేసిన జంతువులు పందుల నాయకత్వంలో ఫారం నడుపుకునే కథ. పందుల అబద్ధాలు నమ్మి జంతువులు మోసపోయాయని కొందరు, కుక్కలకు జడిసి నోరు మూసుకున్నాయని కొందరు. ఏది నిజం?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: మీ తగువు తెగదమ్మా. అయిదో అధ్యాయం చివర చూడండి. గాలిమర కట్టాలన్న పంది స్నోబాల్‌ని తన కుక్కలతో తరిమేసిన నాయక పంది నెపోలియన్, మూడో ఆదివారానికల్లా గాలిమర కడదామంటాడు. ఆ ఆలోచన మొదట్నుంచీ నెపోలియన్‌దేనని అతని తరఫున మాట్లాడే పంది స్క్వీలర్ నేర్పుగా చెప్తుంటే, పక్కన మూడు కుక్కలు గుర్రుమంటుంటాయి. జంతువులు మారుమాట లేకుండా ఒప్పేసుకుంటాయి. మాటనీ గుర్రునీ ఒకే వాక్యంలో ఇరికించాడు మహానుభావుడు! పాఠం చెప్పే రోజుల్లో నేను ఇక్కడే ఆగిపోయేవాణ్ణి, సిలబస్ ఏమైనా సరే.

అయితే వరస గమనించండి. పాలూ యాపిల్సూ పందులే తినేసినప్పుడు ఆ కుక్కలింకా కూనలు. జోన్స్ తిరిగొస్తాడన్న బెదిరింపుతో స్క్వీలర్ నోరొక్కటే పని నడిపింది. ఆదివారం సమావేశాలు రద్దుచేసే నాటికి అది చాల్లేదు. నాలుగు కుర్ర పందులు లేచి అడ్డు చెప్పగానే కుక్కలు గుర్రుమన్నాయి. ఆ వెంటనే గొర్రెలు పావుగంట సేపు 'నాలుగు కాళ్లు మంచివి, రెండు కాళ్లు చెడ్డవి' అన్న నినాదం అరిచాయి. వాటిని చూసి నవ్వుకుంటాం గానీ, చర్చ జరగాల్సిన సమయాన్ని మింగేసింది అవే.

ఏడో అధ్యాయంలో ముందు రక్తం, తర్వాత మాట. ఆ నాలుగు పందులే స్నోబాల్‌తో కుమ్మక్కయ్యామని అందరి ముందూ ఒప్పుకుని కుక్కల నోట పడతాయి. 1936లో మాస్కో కోర్టులో లెనిన్ సహచరులు జినోవియేవ్, కామెనెవ్ చేయని కుట్రలు ఒప్పుకుని తూటాలకు బలయ్యారు. ఆర్వెల్ మనసులో ఉన్నవి ఆ విచారణలే. ఇక కథలో, గోడమీద రాసుకున్న 'ఏ జంతువూ మరో జంతువును చంపరాదు' అన్న ఆజ్ఞని గుర్రం క్లోవర్ మళ్లీ చదివించుకుంటే, చివర 'కారణం లేకుండా' అని ఉంటుంది. ఆ ముక్క తామే మరిచిపోయామనుకుంటాయి జంతువులు! కళ్లారా చూసిన హత్యల్ని తమ మతిమరుపు ఖాతాలో రాసుకోవడం. పుస్తకం మొత్తంలో నన్ను వణికించేది ఇదే.

నన్నడిగితే అవి భయపడ్డాయి. కానీ భయపడ్డానని తనకు తాను చెప్పుకోవడం ఎవరికైనా చిన్నతనం, నమ్మానని చెప్పుకోవడం సులువు. ఆ సాకు సరఫరా చేయడమే స్క్వీలర్ ఉద్యోగం.

ప్రశ్న: జంతువుల కథే కదా, పదేళ్ల మనవడికి ఇవ్వొచ్చా?
– విశ్రాంత గుమాస్తా, ఖమ్మం

జవాబు: నిక్షేపంగా ఇవ్వండి. ఏడో అధ్యాయమూ, కష్టజీవి గుర్రం బాక్సర్‌ని కబేళా బండి ఎక్కించే తొమ్మిదోదీ మాత్రం పక్కన కూర్చుని చదివించండి. చదవడం బాగా వచ్చిన గాడిద బెంజమిన్ అప్పటిదాకా ఎందుకు నోరు విప్పలేదని వాడు తప్పక అడుగుతాడు. జవాబు సిద్ధం చేసుకోండి.