అది ‘సాధారణ’ బలం కాదు

సందేహం: మాది ఒడిశాలోని బరంపురం. ప్లస్ టూ చదివే మా అమ్మాయి తెలుగు సంఘం గోడపత్రికకి ‘లిఫ్టులో పైకి వెళ్తున్నప్పుడు మనిషి మీద సాధారణ బలం పెరుగుతుంది’ అని రాసింది. ‘నార్మల్ ఫోర్స్’కి ఈ మాట సరిపోతుందా? మేమైతే ‘ఒళ్ళు బరువెక్కింది’ అంటాం. అది తప్పా?

సమాధానం: సరిపోదు. ఇక్కడి నార్మల్‌కి ‘మామూలు’ అని అర్థం కాదు. లాటిన్‌లో ‘నోర్మా’ అంటే వడ్రంగి వాడే మూలమట్టం. మూలమట్టం పెట్టి చూసినట్టు తలానికి నిట్టనిలువుగా ఉన్నది నార్మల్. మన పాఠ్యపుస్తకాల్లో దీన్ని ‘అభిలంబ బలం’ అంటారు. హిందీలోనూ అభిలంబమే. అంటే లిఫ్టు నేల మన పాదాలను పైకి నెట్టే బలం.

మీరు అడగలేదు కానీ, ఆ వాక్యంలో అసలు చిక్కు ‘వెళ్తున్నప్పుడు’ దగ్గరుంది. లిఫ్టులో బరువు చూసే మిషన్ పెట్టుకుని 60 కిలోల మనిషి నిలబడ్డారనుకోండి. కదలకముందు అభిలంబ బలం 588 న్యూటన్లు. లిఫ్టు 1 మీటరు/సెకను² త్వరణంతో, అంటే ప్రతి సెకనుకీ వేగం సెకనుకి 1 మీటరు చొప్పున పెంచుకుంటూ, పైకి బయలుదేరితే అది 648 అవుతుంది, ముల్లు 66 కిలోలు దాటుతుంది. వేగం స్థిరపడగానే మళ్ళీ 588, ముల్లు 60కే వస్తుంది. లిఫ్టు ఇంకా పైకి వెళ్తూనే ఉంటుంది! పై అంతస్తులో అదే లెక్కన వేగం తగ్గించుకుంటూ ఆగేటప్పుడు 528, ముల్లు 54 దగ్గర. కాబట్టి ‘పైకి బయలుదేరినప్పుడు’ అని రాయమనండి. కిందికి దిగేటప్పుడు ఇది తారుమారు: బయలుదేరినప్పుడు తగ్గుతుంది, ఆగేటప్పుడు పెరుగుతుంది.

ఇంత జరిగినా భూమి ఆ మనిషిని లాగే బలం, అంటే భారం, 588 న్యూటన్లే. ద్రవ్యరాశి సంగతి సరేసరి. మరి ‘ఒళ్ళు బరువెక్కింది’ తప్పా? నా దృష్టిలో కాదు. ఏడ్చినప్పుడు గుండె బరువెక్కిందంటాం, నిద్ర ముంచుకొస్తే కళ్ళు బరువెక్కాయంటాం. ఎవరూ తూచి చెప్పరు. ‘బరువెక్కు’ అనుభూతిని చెప్పే క్రియ. లిఫ్టులో మనకి తెలిసేది కూడా పాదాల కింది ఒత్తిడే, భూమి లాగడం కాదు. దీన్నే ‘దృశ్య భారం’ అని రాస్తుంటారు. కంటికి కనపడనిదానికి దృశ్యమేమిటో! నన్నడిగితే ‘తోచే భారం’ అంటాను.

గోడపత్రికకి ఇలా రాస్తే చాలు: ‘లిఫ్టు పైకి బయలుదేరినప్పుడు అభిలంబ బలం పెరుగుతుంది, అందుకే ఒళ్ళు బరువెక్కినట్టుంటుంది.’