మైకుసెట్టు మామ జవాబులు: ఎల్పీ బాగుందా, సీడీ బాగుందా?

ప్రశ్న: మామా, నమస్తే. పింక్ ఫ్లాయిడ్ అనే రాక్ బృందం ‘డార్క్ సైడ్ ఆఫ్ ది మూన్’ ఆల్బం సీడీ హాస్టల్ రోజుల నుంచీ నా దగ్గర ఉంది. మొన్న చెన్నై వెళ్లినప్పుడు అదే ఆల్బం కొత్త ఎల్పీ (గాడులున్న పెద్ద రికార్డు) దాదాపు మూడు వేలు పెట్టి తెచ్చుకున్నాను. ఎల్పీ శబ్దం ‘వార్మ్‌గా’, అంటే వెచ్చగా మెత్తగా ఉంటుందని స్నేహితులందరూ అంటారు. నాకేమో సీడీయే బాగున్నట్టుంది. లోపం నా చెవిలో ఉందా? మూడు వేలూ దండగేనా?
– ఒక లెక్చరర్, బైరాగిపట్టెడ, తిరుపతి

జవాబు: సార్, మీ చెవికేం కాలేదు. ఏప్రిల్ దాటితే మన ఊళ్లో అన్నీ వార్మే, ఆ మాట పక్కన పెడదాం.

ఈ రికార్డుతో నాకు పాత పరిచయం. 1979లో గాంధీ రోడ్డు పక్క సందులో నా అంగడి. యూనివర్సిటీ హాస్టల్ పిల్లోడొకడు రికార్డ్ ప్లేయరు రిపేరుకిచ్చి, ‘బాగయినాక ఇది పెట్టి చూడన్నా’ అని ఈ ఎల్పీ వదిలిపెట్టి పోయినాడు. రాత్రి పది దాటినాక షట్టరు సగం దించి, పెళ్లిళ్లకు పంపే పెద్ద స్పీకరుకు కలిపినా. ‘టైమ్’ అనే పాట మొదట్లో గడియారాలన్నీ ఒక్కసారిగా గంటలు కొడతాయి కదా. ఎదురుగా గడియారాలు బాగుచేసే సాయబు అరుగు మీద పండుకోనుండినాడు. తన అంగట్లో దొంగలు పడినారనుకొని లుంగీ సర్దుకుంటా పరిగెత్తి వచ్చినాడు. ఆ గంటలన్నీ ఆలన్ పార్సన్స్ అనే సౌండ్ ఇంజనీరు ఒక పాత గడియారాల అంగట్లో విడివిడిగా రికార్డు చేసుకొచ్చినవని నాకు చానా ఏండ్ల తర్వాత తెలిసింది. సాయబుకు మాత్రం ఆ రాత్రే నమ్మకం కుదర్లేదు, తాళం తీసి లోపల చూసుకున్నాకే మళ్లీ పండుకున్నాడు.

ఇంక మీ సంగతి. ఎల్పీనీ సీడీనీ పోల్చినామని మీరనుకుంటున్నారు. కానీ మీ ముందరున్నవి ఒకే టేపు నుంచి, వేర్వేరు కాలాల్లో, వేర్వేరు చేతులు తీసిన రెండు నకళ్లు. స్టూడియో టేపును జనం చేతికొచ్చే వస్తువుగా మార్చేటప్పుడు బేస్ (లోతు శబ్దం) ఎంత, ట్రెబుల్ (సన్న శబ్దం) ఎంత, మొత్తం మీద ఎంత గట్టిగా ఉండాల అని ఒకరు కూర్చొని తేలుస్తారు. దాన్నే మాస్టరింగ్ అంటారు. చింతపండు ఒకటే అయినా ఇంటింటి రసం ఒకటి కాదు. కొండమీద దొరికిన అన్నమయ్య రాగిరేకుల్లో మాటలున్నాయి, రాగం పేరుంది, గొంతు లేదు. రాగి మంచిదా తాటాకు మంచిదా అని మనం ఎంత కొట్లాడుకున్నా ఆ గొంతు వినబడదు. రేకు కన్నా దాని మీదికి ఏమి ఎక్కించినారనేది ముఖ్యం.

లెక్క ప్రకారం సీడీదే పైచేయి. సెకనుకు 44,100 సార్లు శబ్దాన్ని కొలిచి, ఒక్కో కొలతను 16 బిట్లలో, అంటే 16 సున్నా-ఒకట్లలో రాస్తుంది. అతి చిన్న శబ్దానికీ అతి పెద్దదానికీ మధ్య 96 డెసిబెల్స్ (శబ్దం గట్టితనానికి కొలత) దాకా చోటుంటుంది. ఎల్పీలో 60, 70 వస్తే గొప్ప. అయితే అంత చోటు ఇచ్చినా 1990ల నుంచి రాక్ సీడీలు చేసేవాళ్లు దాన్ని వాడుకోలేదు. పక్కవాడి సీడీ కన్నా మనది గట్టిగా మోగాలని అన్ని శబ్దాలనూ పైకి నెట్టినారు. ఇల్లంతా ఖాళీగా ఉంటే అందరూ అటకెక్కి కూర్చున్నట్టు! 2008లో మెటాలికా అనే రాక్ బృందం ‘డెత్ మాగ్నెటిక్’ సీడీ అట్ల వచ్చినప్పుడు అభిమానులే గోల చేసినారు. అవే పాటలు ఒక వీడియో గేమ్‌లో ఇంకా శుభ్రంగా వినిపించినాయి. ఎల్పీ గాడిలో అంత గట్టితనం నిలవదు, ముల్లు ఎగిరి పడుతుంది. అందుకే కొన్ని ఆల్బంలకు ఎల్పీయే చెవికి హాయి. మీకు మీ సీడీ బాగుందంటే అది మంచి చేతుల్లో తయారయిందని అర్థం, అదృష్టం.

కొత్త ఎల్పీ అన్నారు కాబట్టి ఇంకొక ముక్క. ఈ కాలపు ఎల్పీలు చానావరకు డిజిటల్ ఫైలు నుంచే వస్తాయి. అచ్చంగా పాత టేపు నుంచే అని పేరు తెచ్చుకున్న అమెరికా కంపెనీ ఒకటి కూడా నడుమ డిజిటల్ దశ ఉందని 2022లో ఒప్పుకుంది. అంతదాకా ఆ రికార్డుల్లో అనలాగ్ (అంకెల్లోకి మార్చని పాత పద్ధతి) మహిమను పొగిడినవాళ్లు ఎంత ఇబ్బంది పడినారో, పాపం.

ఇంట్లో పోల్చి చూడాలంటే ముందు రెండింటి సౌండూ సమానం చేయండి. నా తప్పొకటి ఒప్పుకుంటా. పెళ్లివాళ్లు వచ్చి రెండు ఆంప్లిఫయర్లు వినిపించమంటే, బాడుగ ఎక్కువున్నదాన్ని రవ్వంత గట్టిగా పెట్టేవాణ్ని. ప్రతిసారీ ‘ఇదే బాగుంది’ అని దాన్నే తీసుకొనిపోయేవాళ్లు. ఆ పెళ్లికొడుకులంతా ఇప్పుడు తాతలయినారు కాబట్టి చెప్పేస్తున్నా. ఒక్క డెసిబెల్ తేడా ఉన్నా చెవి దాన్ని ‘గట్టిగా ఉంది’ అనదు, ‘బాగుంది’ అంటుంది.

పోయిన సంక్రాంతికి మా మేనల్లుడు బెంగళూరు నుంచి ఇదే ఆల్బం సీడీ తెచ్చినాడు. స్పీకరు తీగల దగ్గర మల్టీమీటరు పెట్టి రెండింటినీ సమానం చేసినాం. నేను గోడకు తిరిగి కూర్చుంటే వాడు మారుస్తా పోయినాడు. పదిసార్లలో పదిసార్లూ సరిగ్గా చెప్పి మీసం మెలేసినా. ‘మామా, నువ్వు పట్టుకునింది ఎల్పీ చిటపటల్ని’ అన్నాడు. నిజమే. చిటపటలు వినబడనంత గట్టిగా వాయించే చోట్లు మాత్రమే ఏరి పెడితే పదింటిలో నాలుగు తప్పినా. మీసం దించినా.

ఒక్కచోట మాత్రం తేడా ఎవరికైనా తెలుస్తుంది. మొదటి వైపు ఆఖరు పాటలో ఆడమనిషి మాటల్లేకుండా గొంతెత్తి పాడుతుంది. రికార్డు ఎక్కడైనా నిమిషానికి 33⅓ చుట్లే తిరుగుతుంది. బయటి అంచు దగ్గర సెకనుకు సుమారు 50 సెంటీమీటర్ల గాడి ముల్లు కింద పోతుంది, లేబుల్ దగ్గరికొచ్చేసరికి అది 20 చిల్లరకు పడిపోతుంది. అంత గొంతునూ అంత ఇరుకులో కుక్కాల. ముల్లు అరిగుంటే అక్కడ గొంతు జీరపోతుంది. సీడీకి ఈ బాధ లేదు.

మూడు వేలు దండగని నేననను. అట్ట పెద్దది, బొమ్మ బాగుంటుంది, సగంలో లేచి రికార్డు తిప్పాల కాబట్టి నిద్రపోకుండా వింటారు.

ప్రశ్న: డైర్ స్ట్రెయిట్స్ బృందం ‘బ్రదర్స్ ఇన్ ఆర్మ్స్’ ఆల్బం పాత ఎల్పీ ఒకటి చవగ్గా దొరికింది. సీడీలో ఎనిమిదిన్నర నిమిషాలున్న ‘వై వర్రీ’ పాట ఇందులో ఐదున్నర కూడా లేదు. నాకు నకిలీ సరుకు అంటగట్టారా?
– ఒక మెడికల్ రెప్రజెంటేటివ్, చిత్తూరు

జవాబు: లేదు నాయనా, అమ్మినోడి మీదికి పోవద్దు. 1985లో వచ్చిన అసలు ఎల్పీలోనే కొన్ని పాటలు కత్తిరించినారు. ఒక్కోవైపు ఇరవై, ఇరవై రెండు నిమిషాలు దాటితే గాడులు దగ్గర దగ్గరగా కోయాల, అప్పుడు సౌండూ బేసూ తగ్గించక తప్పదు. ఆ ఆల్బం డిజిటల్ టేపు మీదనే రికార్డయింది. సీడీలో పాటలు నిండుగా పట్టినాయి, ఎల్పీకి మాత్రం కత్తెర పడింది. ఈ ఒక్క ఆల్బానికి నా ఓటు సీడీకే. నిండు పాటలతో రెండు రికార్డుల ఎల్పీ కూడా తర్వాత వచ్చింది. అది కొనేముందు ఇంట్లో అడగండి.

ప్రశ్న: కొత్తగా కొన్న టర్న్‌టేబుల్‌ను (రికార్డ్ ప్లేయరును) నా పాత ఆంప్లిఫయరు వెనక ‘ఆక్స్’ అని రాసున్న చోట కలిపాను. సౌండు పీలగా ఉంది, బేస్ అసలు లేదు. అదే ఆంప్లిఫయరులో సీడీ అదిరిపోతోంది. ఎల్పీలంటే ఇంతేనా?
– శ్రీకాళహస్తి పాఠకుడు

జవాబు: ఎల్పీ మీద నింద వేయకండి, తీగ తప్పు చోట పెట్టినారు. ముల్లును పట్టుకొనుండే మ్యాగ్నెటిక్ కార్ట్రిడ్జి నుంచి వచ్చేది ఐదు మిల్లీవోల్టులు, సీడీ ప్లేయరు ఇచ్చేది రెండు వోల్టులు. అదీగాక, రికార్డు కోసేటప్పుడే బేస్ తగ్గించి ట్రెబుల్ పెంచి కోస్తారు. బేస్ అంతా పెడితే ముల్లు ఊగే ఊపుకు గాడి పక్క గాడిలో పడుతుంది. ట్రెబుల్ పెంచి కోసి, వినేటప్పుడు తగ్గిస్తే బుసబుస కూడా తగ్గుతుంది. దీన్ని తిరగేసే లెక్క 1954 నుంచి ఒకటే ఉంది, ఆ పని ఫోనో స్టేజీ అనే సర్క్యూట్‌ది. ఆంప్లిఫయరు వెనకాల ‘ఫోనో’ అని రాసుంటే అందులో పెట్టండి, ఎర్త్ తీగ మరిచిపోతే గుయ్యిమంటుంది. లేకపోతే ఫోనో ప్రీఆంప్ చిన్న డబ్బా ఒకటి కొని నడుమ కలపండి. అంతకుముందు టర్న్‌టేబుల్ వెనక చూడండి, కొన్నిట్లో అది లోపలే ఉండి స్విచ్చి మాత్రం వేయకుండా ఉంటుంది.

ప్రశ్న: మామగారూ, మావారు మా తాతగారి రికార్డుల పెట్టె అటక మీద నుంచి దించారు. స్పిరిట్ పెట్టి తుడుస్తానంటున్నారు. కొన్ని పళ్లేల్లా వంగిపోయాయి. ఇస్త్రీపెట్టెతో సరిచేస్తారట!
– గృహిణి, తిరుచానూరు రోడ్డు, తిరుపతి

జవాబు: అమ్మా, ముందు ఆ ఇస్త్రీపెట్టె దాచేయండి. రేకుల ఇంటి అటక మీద మన ఎండలకు వంగినవి మళ్లీ బాగయ్యేది తక్కువ. వంగనివాటిని అట్టతో సహా పుస్తకాల మాదిరి నిలబెట్టి, ఎండ తగలని బీరువాలో పెట్టండి. స్పిరిట్ సంగతి లేబుల్ చూసి తేల్చండి. 78 (నిమిషానికి తిరిగే చుట్లు) అని ఉంటే అవి లక్కవి, స్పిరిట్ తగిలితే కరిగిపోతాయి, మెత్తటి గుడ్డ చాలు. వాటికి ముల్లు కూడా వేరే, ఎల్పీ ముల్లు పెట్టొద్దు. 33 అని ఉన్నవాటికి డిస్టిల్డ్ వాటర్‌లో కాస్త ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కలిపి, గాడి వెంబడే గుండ్రంగా తుడవచ్చు, లేబుల్ తడవకూడదు. పెట్టెలో ఏమేం ఉన్నాయో ఒక కాయితం మీద రాసి పంపండి తల్లీ, చూడాలనుంది.