పిడికెడు బియ్యం కానుక: కొలిచాక తీయండి, కడగకముందు తీయండి

ప్రశ్న: వండే ప్రతిపూటా పిడికెడు బియ్యం దేవుని పనికి తీసిపెట్టే పద్ధతి మా పల్లె చర్చి సంఘంలో ఎప్పుడో ఆగిపోయింది. స్త్రీల మైత్రి (సంఘంలోని స్త్రీల కూటమి) వాళ్ళు దాన్ని మళ్ళీ మొదలుపెడదామంటున్నారు. 40 కుటుంబాలం. ఎలా నడపాలి? రేషన్ బియ్యం తీసుకోవచ్చా?

జవాబు:

తప్పకుండా మొదలుపెట్టండి. అయితే పిడికెడు ఎక్కణ్ణుంచి తీయాలన్నది మొదటి వారమే అందరికీ చెప్పండి. ఈ పద్ధతి చాలాచోట్ల చప్పబడిపోయేది అక్కడే.

ఇంటికి సరిపడా బియ్యం గ్లాసుతో కొలిచి గిన్నెలో పోసుకున్నాక, ఇంకా కడగకముందు, ఆ గిన్నెలోంచే పిడికెడు తీసి పక్కన డబ్బాలో వేయాలి. అప్పుడు ఆ పూట ఇంటిల్లిపాదికీ తలా నాలుగు మెతుకులు తగ్గుతాయి. కానుక అంటే అదే. బస్తాలోంచి తీసి వేస్తే ఎవరి కంచంలోనూ ఏమీ తగ్గదు. నెలాఖరున గుర్తొచ్చి ఒకేసారి రెండు కిలోలు ముంచి తెస్తే అది మామూలు చందా అవుతుంది. చందా తప్పు కాదు గానీ, పొయ్యి వెలిగించిన ప్రతిసారీ దేవుణ్ణి తలుచుకోవడం పోతుంది.

మిజోరం ప్రెస్బిటేరియన్ సంఘాల్లో ఇది 1910 నుంచి నడుస్తోంది. వాళ్ళు ‘బుహ్‌ఫాయ్ థామ్’ అంటారు, మన పిడికెడు బియ్యమే. స్త్రీలు ఇంటింటికీ తిరిగి పోగుచేసి అమ్మి, ఆ డబ్బు సువార్త పనికి ఇస్తారు. తినడానికి ఉన్నన్నాళ్ళూ ఇవ్వడానికీ ఉంటుందన్నది వాళ్ళ మాట.

లెక్క: పెద్దవాళ్ళ పిడికిట్లో సుమారు 40 గ్రాములు పడతాయి. రెండు పూటలకు 80, నెలకు 2.4 కిలోలు. మీ 40 ఇళ్ళూ తప్పకుండా వేస్తే 96 కిలోలు, అంటే దాదాపు క్వింటా. రాత్రిపూట చపాతీ తినే ఇళ్ళుంటాయి కాబట్టి 70 కిలోలు వస్తే సంతోషించండి. చపాతీ పూట కూడా బియ్యమే వేయమనండి, పిండి నిలవ ఉండదు.

వారానికోసారి పోగుచేయండి. నెలంతా ఇళ్ళల్లో ఉంచితే, అందులోనూ వానాకాలం, ఒక ఇంటి ముక్కపురుగు మొత్తం సంచికి పాకుతుంది. డబ్బాలో నాలుగు ఎండుమిరపకాయలో, బాగా ఎండిన వేపాకో వేస్తే చాలు. బోరిక్ పౌడర్ కలిపిన బియ్యం మాత్రం వద్దని గట్టిగా చెప్పండి, అవి ఎవరు వండుకుంటారో మనకు తెలియదు. కొత్తబియ్యం, పాతబియ్యం, ఉప్పుడు బియ్యం మూడు సంచుల్లో వేరుగా పోయించండి. కలిపేస్తే కొన్ని చిమిడిపోతాయి, కొన్ని పలుకుగా ఉంటాయి. పోగైన బియ్యం అమ్మేటప్పుడు వేలంలో ఎవరూ మంచి ధర పాడరు.

రేషన్ బియ్యం విషయంలో జాగ్రత్త. వాటిని అమ్మినా కొన్నా నిత్యావసర సరుకుల చట్టం కింద కేసవుతుంది, చర్చి సంచి అని ఎవరూ వదలరు. అలాగని పేదింటి పిడికెడు కాదనకండి. నాలుగో సంచి పెట్టి, ఆ బియ్యం అమ్మకుండా సంఘ భోజనాలకు వండించండి.

కాటా దగ్గర ఇద్దరుండాలి, తూచిన బరువు అక్కడికక్కడే పుస్తకంలో రాయాలి. అందరికీ ఒకే రకం గుడ్డ సంచి ఇవ్వండి. ఆరాధనలో పేరు పేరునా ఎవరు ఎన్ని కిలోలిచ్చారో చదవడం దయచేసి వద్దు. కూలికి వెళ్ళే తల్లి ఒక్కసారి సిగ్గుపడితే మళ్ళీ సంచి బయటికి తీయదు.

ఇంకో మాట పాస్టరు అయ్యగారితో ముందే మాట్లాడుకోండి. ‘పిడికెడు ఇవ్వండి, మీ గాదెలు నిండుతాయి’ అని ప్రకటించవద్దు. కరువుకాలంలో సారెపతు ఊరి విధవరాలి సంగతి, బైబిల్లో మొదటి రాజులు 17వ అధ్యాయం, నెమ్మదిగా చదివితే తెలుస్తుంది. ఆమె తనకున్న కొంచెంలోంచి ముందు ఏలీయా ప్రవక్తకు చిన్న అప్పం చేసి పెట్టింది. పిండి తొట్టి నిండిందని అక్కడ లేదు. వాన కురిసేదాకా పిండి తక్కువ కాలేదు, నూనె అయిపోలేదు, అంతే ఉంది. అడుగున కాసింత పిండి, రేపటికీ అంతే. దేవుడు సమకూర్చడమంటే ఆమె ఇంట్లో అలా జరిగింది. గాదె నిండుతుందని నమ్మించి తీసుకుంటే, నిండని ఇంటివాళ్ళు తమ విశ్వాసంలోనే లోపముందని కుమిలిపోతారు.

అందుకే పోగుచేయడానికి వెళ్ళే అక్కలకు ఒక పని అప్పజెప్పండి. ఏ ఇంట్లోనైనా డబ్బా ఖాళీగా కనిపిస్తే ఎందుకని అడగవద్దు. తమ సంచిలోంచే రెండు కిలోలు కొలిచి అక్కడ పోసి, ప్రార్థన చేసి రమ్మనండి. పుస్తకంలో బరువు రాస్తే చాలు, పేరు అక్కర్లేదు.